పూసలు గుచ్చే కళ్ళు

ఫిబ్రవరి 4

దేవి ఇవాళ కూడా ఫోను చెయ్యలేదు. పెళ్ళి పనులు నెత్తి మీదున్నాయి కదా, ఊపిరాడుతూ ఉండదు. కల్యాణి పెళ్ళి మార్చి ఆరున. ఒక్కగానొక్క కూతురు. బిర్సానగర్‌లో వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారని కూరగాయల మార్కెట్లో ఎవరో చెప్పారు. ఎవరో చెబితే నాకు తెలియాలా? మూడో తరగతి నాటి స్నేహం, నన్నడగకుండా దేవి ఏనాడైనా గోడకి రంగు వేయించిందా!

అడగాల్సింది రంగు గురించి కాదులే. నల్లపూసల గురించి. ఈ టెల్కో కాలనీ నుంచి సిద్ధగోరా దాకా మన వైపు వాళ్ళింట్లో పెళ్ళంటే పెళ్ళికూతురి నల్లపూసలు గుచ్చేది నేను. నాకు ముందు మా అమ్మ. పసుపుతాడుకి ఇనుము తగలకూడదని మా వాళ్ళ పట్టింపు, అందుకని సూది వాడం. ఈ టాటానగర్ ఊరంతా ఇనుము కార్ఖానా మీద బతుకుతూ ఆ ఒక్కదానికీ ఇనుము వద్దంటాం. తాడు కొసకి పసుపు కలిపిన గంజి రాసి, పురిపెట్టి, ఆరబెడితే అదే సూదిలా నిలబడుతుంది. దాంతో ఆవగింజంత పూసల్ని ఒక్కొక్కటే ఎక్కించాలి. ఈ పని ఇక్కడ ఇంకెవరికీ చేతకాదు. గొప్ప కోసం రాయడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

నవంబర్లో అప్పన్నగారింట్లో జరిగినదానికి తాడే కారణం. పెళ్ళికొడుకు కట్టబోతుంటే ముడి జారి పూసలన్నీ మండపంలో దొర్లాయి. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళంతా నా మొహం చూశారు. మిల్లు నూలు నున్నగా ఉంటుంది, ముడి నిలవదు అని అప్పటికప్పుడే చెప్పాను. తాడు మంచిది కాదు.

ఫిబ్రవరి 6

ఫోను లేదు. తాడు మంచిది కాదు, అంతే.

ఫిబ్రవరి 9

బిస్టుపూర్ వెళ్ళి కొత్త లెన్సులు తెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్దామనుకున్నాను గానీ ఈయన స్కూటరు తీసేశారు.

"లెన్సుల మీద చదువుకునే అద్దాలెట్టుకుంటే సరిపోద్ది కదేటి? నానెట్టుకోలేదా?" అన్నారు దారిలో.

ఆయన పెట్టుకుంటే పెద్దమనిషి తరహా. నేను కళ్ళజోడు పెట్టుకుని పూసల పళ్ళెం ముందు కూర్చుంటే, "ఓహో, కళ్ళు పోయాయన్నమాట, అందుకే ఆ రోజు జారిపోయాయి" అంటారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. పెళ్ళికి ముందు నుంచీ లెన్సులే నాకు. చిన్నప్పటి నుంచీ దూరపుచూపు లేదు, అది లెన్సులతో కుదిరిపోయింది. ఇప్పుడు యాభై దాటాక, లెన్సులు పెట్టుకుంటే బస్సు మీద నంబరు కనిపిస్తుంది గానీ చేతిలో టిక్కెట్టు మీద అంకె కనిపించదు. వయసుకి అందరికీ వచ్చేదేనట. అందరికీ వస్తే రానీ, నాకెందుకు!

షాపులో అభిలాష్ అని కుర్ర డాక్టరు. ఒకే లెన్సులో దూరానికీ దగ్గరికీ రెండు పవర్లూ ఉంటాయట. "ఆంటీజీ, దోనో దిఖేగా. దిమాగ్ ఖుద్ చున్ లేగా," అన్నాడు. ఏది కావాలో మెదడే ఏరుకుంటుందట. చీరల కొట్లో రెండు చీరల మధ్య ఏరుకోలేక సాయంత్రం దాకా కూర్చునే మెదడు నాది. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, కంగారు పడొద్దు అని కూడా చెప్పాడు.

ఫిబ్రవరి 11

అన్నంలో చెయ్యి పెట్టి ఈయన అన్న మాట: "ఇయ్యాల పప్పులో రాయి తగల్లేదు. ఏటి విశేషం?"

అంటే ఇన్నాళ్ళూ తగిలేవా అని అడిగాను. నవ్వి, మజ్జిగ పోసుకున్నారు. ఎన్నాళ్ళ నుంచి తింటున్నారో చెప్పలేదు.

ఫిబ్రవరి 16

ఆదివారం. ఇంట్లో ఎవరూ లేరు. కూర్చుంటే ఊరికే పాతవన్నీ వస్తున్నాయి.

మూడో తరగతిలో దేవి నా పక్కన కూర్చునేది. బోర్డు మీద ఏముందో నాకు కనిపించేది కాదు. కనిపించదని నాకే తెలియదు. అందరికీ అలాగే మసగ్గా ఉంటుందనుకునేదాన్ని. దేవి చెవిలో గుసగుసగా చదివి చెప్పేది, నేను రాసుకునేదాన్ని. మాటలాడుతున్నామని ఇద్దరికీ కలిపి దెబ్బలు పడేవి. అలా ఒక ఏడాది గడిచింది. పుస్తకం ముక్కుకి ఆనించి చదివితే వెనక బెంచీ పిల్లలు "వాసన చూస్తంది, వాసన చూస్తంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. అప్పుడు కూడా దేవే వాళ్ళ జడలు పట్టుకుని లాగేది.

షిఫ్టు వదిలాక కంపెనీ గేటు దగ్గర సైకిళ్ళు వరదలా వచ్చేవి. అందరివీ ఒకటే రంగు బట్టలు. మా నాన్న ఏ సైకిలు మీద వస్తున్నాడో నాకు తెలిసేది కాదు. "అదిగో మీ నాన్న, జామకాయలు కట్టుకొత్తన్నాడు," అని దేవి చెప్పగానే పరిగెత్తేదాన్ని. ఎప్పుడూ తప్పు చెప్పేది కాదు. ఒకసారి మాత్రం కావాలని చెప్పింది, నేను వెళ్ళి ఎవరో సర్దార్‌జీ సైకిలు పట్టుకున్నాను. ఆయన నవ్వి చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. దేవికి సగం ఇచ్చాను.

తర్వాత కళ్ళజోడు వచ్చింది. సోడాబుడ్డి అనే పేరూ వచ్చింది. ఆ పేరు పడలేక గడప దాటితే కళ్ళజోడు తీసి దాచేసేదాన్ని, మళ్ళీ దేవే అన్నీ చెప్పేది. పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో కళ్ళజోడుతో ఫోటో పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. కలకత్తాలో కంటిలోనే పెట్టుకునే అద్దాలు ఇస్తున్నారని దేవే ఎక్కడో విని వచ్చింది. నాన్న, నేను, దేవి స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. దేవి అద్దం పట్టుకుంది, నేను వేలి కొసతో లెన్సు పెట్టుకున్నాను. ఎన్నిసార్లు జారి పడిందో! దేవి అద్దం దించకుండా పట్టుకునే ఉంది.

హౌరా వంతెన మీద నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మనిషికీ మొహం ఉంది. ముక్కూ కళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి. నేను ఆగి ఆగి చూస్తున్నాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లన్నీ పైకి చదివాను. దేవి చదవబోతే, "ఇంక నువ్వు చెప్పక్కర్లేదే, నాకే కనిపిస్తున్నాయి," అన్నాను.

టాటానగర్ వచ్చేదాకా దేవి పడుకునే ఉంది. అలిసిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 19

పూసలు కొని తెచ్చి వంటింట్లో గుచ్చి చూశాను. కందిపప్పు కనిపిస్తుంది, పూస కనిపిస్తుంది. పూసలో రంధ్రం కనిపించదు. అభిలాష్‌కి ఫోను చేశాను. మరీ సన్నటి పనికి ఈ లెన్సుల మీద కూడా అద్దాలు పెట్టుకోవాల్సిందేనన్నాడు. "ఉమర్ హై, ఆంటీజీ."

వయసట! ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 20

ఎవరూ లేనప్పుడు బాత్రూం తలుపేసుకుని లెన్సులు తీసి గుచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంధ్రం బావిలా కనిపిస్తుంది. కనిపించక ఏమవుతుంది, నా కళ్ళు పుట్టుకతోనే దగ్గరివి. అయితే ఏం లాభం. పదిమందిలో పూసల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమంటారా!

ఫిబ్రవరి 23

దేవి వచ్చింది. దేవి, వాళ్ళాయన జగ్గారావు, బొట్టు పెట్టి శుభలేఖ ఇచ్చారు. మగపెళ్ళివారు రైల్వే వాళ్ళు, టాటానగర్ క్వార్టర్స్. పెళ్ళికొడుకు హరికిరణ్. వంటవాళ్ళ గురించి చెప్పింది, షామియానా గురించి చెప్పింది, కల్యాణి జాకెట్లు బిగుతైపోయిన సంగతి చెప్పింది. నేను నవ్వాను. తనూ నవ్వింది. కాఫీ చల్లారిపోయింది.

చివరికి నేనే సిగ్గు విడిచి అడిగాను. "పూసలు ఎప్పుడు గుచ్చాలే?"

దేవి గ్లాసు కిందపెట్టింది. జగ్గారావు బయటికి వెళ్ళి ఈయనతో స్కూటరు గురించి మాట్లాడసాగాడు.

"మా అత్త రెడీమేడ్‌ది కొనీమంటందే," అంది. "బంగారం గొలుసులోనే నల్లపూసలెట్టి అమ్మతన్నారు కదా. గొడవుండదని."

"నూకమ్మత్త అందా? నువ్వేమన్నావు?"

"నానేటంటాను ఇంద్రాణీ. ఆవిడ సంగతి నీకు తెల్దా."

తెలుసు. నూకమ్మత్తకి దేవి ఎదురు చెప్పదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఈ ఒక్క మాటకి చెబుతుందనుకున్నాను. కల్యాణి పుట్టినప్పుడు ఆసుపత్రిలో మొదట ఎత్తుకున్నది నేను. దాని నల్లపూసలు నేను గుచ్చుతానని అప్పుడే అన్నాను, దేవి మంచం మీద పడుకునే, "ఇంకెవులు గుచ్చుతారు!" అంది.

వాళ్ళు వెళ్ళాక గేటు దగ్గర నిలబడ్డాను. దూరంగా మలుపు తిరిగేదాకా దేవి చీర అంచు కూడా స్పష్టంగా కనిపించింది. ఈ లెన్సులకి పెట్టిన డబ్బు దండగ కాలేదు.

ఫిబ్రవరి 24

రెడీమేడ్.

మార్చి 3

జూబ్లీ పార్కులో దీపాలు. మార్చి మూడంటే కంపెనీ పెట్టినాయన పుట్టినరోజు, ఈ ఊళ్ళో ఇంట్లో ఎవరూ ఉండరు. నేను రానన్నాను. "మమ్మీ, చలో నా, సాల్ మే ఏక్ బార్ ఆతా హై," అని మా అబ్బాయి అమర్ చెయ్యి పట్టుకుని లాగాడు, ఏడాదికోసారి వచ్చేదేగా అని. ఇరవై నాలుగేళ్ళవాడు, చిన్నపిల్లాడిలా.

అభిలాష్ చెప్పింది నిజమే. ప్రతి దీపం చుట్టూ ఒక వలయం, అది పక్కదాని వలయంలో కలిసిపోయి, చెట్లన్నీ చేమంతులు పూసినట్టున్నాయి. చిన్నప్పుడు కళ్ళజోడు లేని రోజుల్లో ఈ పార్కు నాకు ఇలాగే ఉండేది. నాన్న సైకిలు ముందు నేను, వెనక దేవి. ఇక్కడికొచ్చాక నా చెయ్యి పట్టుకుని దేవి దీపాల బొమ్మలన్నీ చెప్పుకుంటూ పోయేది: ఇది నెమలి, ఇది రైలింజను, ఇది ఏనుగు, తొండం ఊపుతంది చూడు. నాకు వెలుగే తప్ప ఏనుగు కనిపించేది కాదు. అయినా నేను చూసిన ఏనుగంత అందమైన ఏనుగు ఇంకెవరూ చూసి ఉండరు. కళ్ళజోడు వచ్చిన ఏడాది చూస్తే వెదురు బద్దలూ వైర్లూ కనిపించాయి.

అక్కడే నిలబడి ఏడ్చేశాను. అమర్ ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళాడు కాబట్టి సరిపోయింది.

"ఏటయ్యింది, లెన్సు గుచ్చుకుందేటి?" అన్నారు ఈయన.

అవునన్నాను. దీపాల వైపే చూస్తూ, "ఇంద్రా, ఆ తాడు నానే తెచ్చేను కదే సాక్చీ నుంచి. ఎప్పుడూ తెచ్చే కొట్లోనే తెచ్చేను," అన్నారు.

నవంబరు నుంచి ఊళ్ళో అందరి దగ్గరా నేను తాడుని తిడుతుంటే ఈ మనిషి పక్కనే నిలబడి విన్నాడు.

తాడు మంచిదే. ముడి నాకు కనిపించలేదు. రెండు పేటలూ కలిపి వేశాననుకుని ఒక్క పేటకే వేశాను.

మార్చి 4

మధ్యాహ్నం దేవి ఫోను. గొంతులో ఆయాసం.

"ఒసే, రేపు రాగలవేటే? మగపెళ్ళోళ్ళు ఇప్పుడు చెప్పినారు, గొలుసులు గట్రా వద్దంట, పసుపుతాడు మీద గుచ్చినవే కట్టాలంట వాళ్ళింట్లో. పెళ్ళికొడుకు నాయనమ్మ కూకున్న కాడి నుంచి నెగవడం లేదు."

"మీ అత్త ఏమంది?"

"ఏటంటాది. ఇంకెవులికి వచ్చని!" గొంతు తగ్గించి, "నువ్వు రా ఇంద్రాణీ," అంది.

వెళ్తాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను! గంజి కాచాలి. ఈసారి జారిందంటే కల్యాణి కాపురం మీద మచ్చ, దేవికి జన్మంతా అత్త దెప్పిపొడుపులు. కళ్ళజోడు పట్టుకెళ్ళమన్నారు ఈయన. లెన్సులు చాలన్నాను. ఈ జన్మకి బుద్ధి రాదు నాకు.

మార్చి 5

మొత్తం రాయాలి.

వసారాలో ఎండ పడే చోట చాప వేశారు. పళ్ళెంలో పూసలు, గిన్నెలో పసుపు గంజి. చుట్టూ ముత్తైదువులు, కల్యాణి స్నేహితురాళ్ళు. నూకమ్మత్త కుర్చీ వేయించుకుని సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. సిద్ధగోరా నుంచి అప్పన్నగారి భార్య కూడా వచ్చింది, ఎందుకు రాదు!

తాడు కొస పురిపెట్టి ఆరబెట్టాను. అంతవరకు చేతి వాటమే, కళ్ళతో పని లేదు. మొదటి పూస తీసుకున్నాను. రంధ్రం లేదు. తాడు కొస పూస పక్క నుంచి పోతోంది. మళ్ళీ పోతోంది. నుదుటి మీద చెమట పట్టి కంట్లోకి దిగింది. ఆ కంగారులో ఆ పసుపు వేలితోనే కన్ను తుడుచుకున్నాను.

మంట! నోట్లోంచి ఎంత అరుపు వచ్చిందో నాకే తెలియదు. ముప్పై ఏళ్ళుగా లెన్సులు పెట్టుకునే మనిషిని, చెయ్యి కడక్కుండా కంటి దగ్గరికి తీసుకెళ్ళకూడదని ఊరందరికీ చెప్పేదాన్ని. దేవి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చేతులు కడుక్కుని కుడి కంటి లెన్సు తీశాను. పసుపుపచ్చగా, బంతిపువ్వు రేకులా ఉంది.

ఎడమ కంట్లో లెన్సు ఉంది, కుడి కంట్లో లేదు. తల తిరిగింది. ఒక కన్ను గోడ మీద క్యాలెండరు చూపిస్తోంది, రెండోది నా వేలి గీతలు చూపిస్తోంది. ఎర్రబడి నీళ్ళు కారే ఆ కంటితోనే పూసని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. రంధ్రం ఉంది. గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

తలెత్తి చూశాను. ఇంతమంది ఆడవాళ్ళు. ఎదురుగా నూకమ్మత్త. రెండో లెన్సు కూడా తీసేసి, పెట్టడానికి ఏమీ కనిపించక దేవి అరచేతిలో పెట్టాను.

"ఏటే అది, కళ్ళు పీకీసినట్టు పీకీసినావు!" నూకమ్మత్త గొంతు. "ఇప్పుడేటి కనబడతాది నీకు?"

"పూస కనబడతంది అత్తా. నీ మొహమే కనబడ్డం లేదు, ప్రాణం హాయిగా ఉంది," అన్నాను. అనకూడని మాటే. నోరు జారింది.

అందరూ గొల్లుమన్నారు. నూకమ్మత్త కూడా నవ్వుతోందని నా చెవిలో ఎవరో చెప్పారు. దేవి. చాప మీద నా పక్కనే కూర్చుని ఉంది.

పూసల్ని ముక్కుకి ఆనించుకున్నట్టే పెట్టుకుని గుచ్చాను. "ఆంటీ తో సూంఘ్ రహీ హై," అని కల్యాణి స్నేహితురాలు ఒకతె కిసుక్కుమంది. వాసన చూస్తున్నానట. "నోరుమూస్తావా, జడ లాగమంటావా?" అంది దేవి. ఆ పిల్లకి తెలుగు రాదు, గొంతు మాత్రం అర్థమైంది.

దేవి లెన్సుని చెంబు నీళ్ళలో వేసి, పళ్ళెం ఎత్తి నాకు వంగే పని లేకుండా మొహం ఎత్తున పట్టుకుంది. పూసలు ఎక్కుతుంటే మెల్లగా చెబుతూనే ఉంది. "కల్యాణి గుమ్మం కాడ నిల్చుంది, గోరింటాకు ఎండలేదని చేతులు గాల్లో ఎట్టుకుంది. మా ఆయన ఎవులితోనో గొడవాడతన్నాడు, అరటిపళ్ళ కోసం. అప్పన్నగారి ఆవిడ మెడ సాచి నీ ముడినే సూత్తంది, ఎయ్యి, గట్టిగా ఎయ్యి." వేశాను. రెండు పేటలూ కలిపి, లాగి, మళ్ళీ వేశాను. నూలు పోగులు కూడా లెక్కపెట్టగలిగేలా కనిపించాయి.

అయిపోయాక తలెత్తితే దేవి మొహం జానెడు దూరంలో ఉంది. లెన్సులు పెట్టుకున్న కళ్ళతో దగ్గరివి చూడలేక ఎన్నేళ్ళయిందో, దేవిని నేను ఎప్పుడూ వాకిట్లోంచో వీధి అవతలి నుంచో చూస్తున్నాను. దూరం నుంచి అదే దేవి. దగ్గర్నుంచి చూస్తే కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు, కళ్ళ కింద నల్లగా సంచులు, పెదవి మూలల్లో రెండు గీతలు. ఇవన్నీ ఎప్పుడు వచ్చాయి? నాకు చెప్పకుండా ఇంత ముసలిదైపోయిందేమిటి?

"అలా సూత్తావేటి?" అంది.

"ఇన్నాళ్ళూ చూడలేదే నిన్ను."

దేవి పళ్ళెం కిందపెట్టలేదు. "నువ్వు లెన్సులెట్టుకున్న కాడి నుంచి నాకు నీతో చెప్పడానికేటీ లేకపోనాది," అంది, చాలా మెల్లగా.

పసుపు చేత్తోనే దాని చెయ్యి పట్టుకున్నాను.

మార్చి 6

కన్ను వాచింది. లెన్సులు పెట్టుకోవద్దన్నాడు అభిలాష్. బీరువాలో పాత కళ్ళజోడు ఉంది కదా అన్నారు ఈయన. సోడాబుడ్డితో పెళ్ళికి వెళ్ళేంత మారిపోలేదు నేను. ఆయన చెయ్యి పట్టుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను.

మండపం నాకు ఎర్రగా, పచ్చగా ఒక పెద్ద మరక. బాజాలు మోగాయి, తాళి కట్టాడన్నారు. తర్వాత నల్లపూసలు. ఈయనకి ఎవరో అడ్డం వచ్చారు, ఆయనకీ కనిపించడం లేదు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. చెక్క మీద పూసలు దొర్లితే వచ్చే చప్పుడు నాకు బాగా తెలుసు. బాజాల్లో వినిపిస్తుందా? వినిపించకుండా రాలిపోయి ఉంటే?

పచ్చటి మరకలోంచి ఒక నీలం మరక విడిపోయింది. మెట్లు దిగింది. కుర్చీలు జరుపుకుంటూ, ఎవరినో తోసుకుంటూ నా వైపే వచ్చింది. దగ్గరికొచ్చి, వంగి, మొహం నా మొహం దాకా తెచ్చాక అప్పుడు కళ్ళూ ముక్కూ ఏర్పడ్డాయి.

"కట్టీసినాడే," అంది దేవి, చెవిలో. "ఒక్కటీ జార్లేదు."

కన్యాదానం చేసిన తల్లి మధ్యలో పీట వదిలి మండపం దిగకూడదట. భోజనాల దాకా నూకమ్మత్త తిడుతూనే ఉంది. దేవి వినడం లేదు. నా పక్కన నిలబడి, ఎవరెవరు వచ్చారో చెబుతోంది.